ఝాన్సీ తెచ్చిన ఫొటో

తెనాలిలో కోటిరత్నంగారి దగ్గర నాటక పద్యం నేర్చుకునేవాళ్ళు ప్రశ్న అడగడానికి జంకుతారు. ఆవిడ ఉపన్యాసాలివ్వరు. ఎప్పుడో జరిగిందేదో చెప్పి, హార్మోనియం దగ్గరున్న నన్ను శ్రుతి ఇమ్మంటారు. అర్థమైతే అయినట్టు, లేకపోతే మన ఖర్మ.

మొన్న ఆవిడ శిష్యురాలు ఝాన్సీ చనిపోయిన తండ్రి ఫొటో చేత్తో పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చింది. టీవీ పాటల పోటీలో చివరి ఆరుగురిలో నిలిచింది పిల్ల. ఇప్పుడు టీవీవాళ్ళకు పాట చాలలేదట. స్టేజీ మీద ఆ ఫొటో పట్టుకుని, తండ్రి ఆటోతో సహా కాలవలో పడి ఎలా పోయాడో చెబుతూ ఏడవాలట. ఏడవకపోతే వచ్చే వారం ఉండవని మెత్తగా చెప్పారట. ఎంత మర్యాదో చూడండి!

"నాకు పాడటం రాదా అమ్మగారూ? ఇలాంటివి ఎందుకు తీస్తారు? జనానికి అసలేం కావాలి?" అంది.

కోటిరత్నంగారు వక్క కత్తిరిస్తూనే చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ కాంట్రాక్టు నాటకాలు ఆడే రోజుల్లో నాలుగేళ్ళ కొడుకు జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండానే నాటకం. చచ్చిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల్లి పద్యాలు పాడే కాటి సీను ఆవిడదే. నాటకం వేయించే కాంట్రాక్టరు రిక్షాకు మైకు కట్టించి, "నిజంగా కొడుకు పోయిన తల్లి! నిజం కన్నీళ్ళు!" అని ఊరంతా చాటించాడు. జనం చాపలు పట్టుకుని విరగబడి వచ్చారు. వాళ్ళు పద్యం కోసం రాలేదు, ఆవిడ కళ్ళు చూడ్డానికి వచ్చారు.

ఆవిడ పొడి కళ్ళతో పాడారు. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ రోజు హార్మోనియం నాదే, మెట్టు తప్పింది నేను.

పద్యం అవగానే "వన్స్‌మోర్" అని కేక లేచింది. మా నాటకాల్లో అది ఆనవాయితీ. చచ్చిన పాత్ర కూడా లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చస్తుంది. వెంటనే ఇంకో కేక: "ఈసారి ఏడుస్తూ పాడమ్మా!" తెర పక్కనుంచి కాంట్రాక్టరు కూడా చేతులు జోడించి ఏడవమని సైగ చేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ ఒళ్ళోని బిడ్డ బొమ్మను పక్కన పెట్టి లేచి నిలబడ్డారు.

"పద్యానికి వన్స్‌మోర్ ఉంది, పాడతాను. నా బిడ్డ చావుకు లేదు. అది చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇళ్ళకు పోవచ్చు."

కొందరు చాపలు చుట్టుకుని పోయారు. కాంట్రాక్టరు ఆ తర్వాత ఏడాదిపాటు పిలవలేదు. ఉన్నవాళ్ళకు ఆవిడ మళ్ళీ పాడారు, అవే పొడి కళ్ళతో. ముందు వరసలో ఒక ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాటకం అయ్యాక స్టేజీ అంచుకు వచ్చి, "మా పెద్దోడు గుర్తొచ్చాడమ్మా" అంది. కోటిరత్నంగారి కొడుకు ఊసే ఎత్తలేదు.

ఝాన్సీ చేతిలోని ఫొటో వైపు చూసుకుంది. తర్వాత మెల్లగా, "మరి నన్ను తీసేస్తే?" అంది.

ఆవిడ చెయ్యి చాచి ఫొటో తీసుకున్నారు. కొంగుతో తుడిచి, గోడ మేకుకు తగిలించారు.

"మీ నాన్న ఇక్కడుంటాడు. నువ్వు గొంతు తీసుకుని వెళ్ళు."