చివరి మలుపు దగ్గర రూపాయి బిళ్ళ

ఎవరైనా ప్రశ్న అడిగితే భుజంగరావు మాస్టారు జవాబు చెప్పేవారు కాదు. చేతికో పని అప్పజెప్పేవారు. సామర్లకోటలో పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైనా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడాయన వసారా నిండా పరుచుకున్న బల్ల మీద బొమ్మ రైలు తిరుగుతుంటుంది. పలకరించడానికొచ్చిన పాత శిష్యులు కాఫీ పూర్తయ్యేలోపు ఏదో ఒక మర బిగించక తప్పదు.

ఆ ఆదివారం పాత శిష్యురాలు నీలవేణి మొహం పీక్కుపోయి వచ్చింది. ఆమె ఆడపిల్లల హాస్టలుకు వార్డెను. వెనక వరస గదిలో ఉండే ఎస్తేరు అనే పిల్ల చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయింది. మర్నాడు హాస్టలు కమిటీ వాళ్ళు వచ్చి అడుగుతారు. ఎస్తేరు తన ఇష్టంతోనే వెళ్ళిందని వార్డెను అంటే, ఆ పిల్ల సీటు ఇంకొకరికి పోతుంది.

"ఆ పిల్ల నాతో ఒక్కనాడూ ఒక్క మాట అనలేదండీ. నా గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఇందులో నా తప్పేముంది మాస్టారూ?"

మాస్టారు జేబులోంచి రూపాయి బిళ్ళ తీసిచ్చారు. "రైలుకి కరెంటిచ్చే ఆ పెట్టె పక్కనే, రెండు పట్టాలకీ ఆనేలా పెట్టమ్మా."

పెట్టీ పెట్టగానే పెట్టెలోని ఫ్యూజు టప్పున పోయింది. రైలు ఆగింది. "దాని పని అది చేసింది," అంటూ ఆయన కొత్త ఫ్యూజు వేశారు. "ఇప్పుడు ఆ చివరి మలుపు దగ్గర పెట్టు."

పెట్టె నుంచి ఆ మలుపు పట్టాల దాకా కరెంటు తెచ్చేది కాలింగ్ బెల్లుకు వాడే సన్న తీగ. ఇంట్లో పడి ఉంది కదా అని వాడేశారు. సైన్సు మాస్టార్లకైనా పొదుపు బుద్ధి ఎక్కడికి పోతుంది? నీలవేణి బల్ల చుట్టూ తిరిగివెళ్ళి బిళ్ళ పెట్టింది. రైలు మందగించింది గానీ ఫ్యూజు పోలేదు.

"ఇక్కడ ఏ ఇబ్బందీ లేదండీ," అంది, వచ్చాక మొదటిసారి కాస్త తేలికపడి.

"కాసేపాగి బల్ల కింద తీగ ముట్టుకో."

ముట్టుకోగానే చురుక్కుమనేసరికి చెయ్యి లాగేసుకుంది. తీగ తొడుగు మెత్తబడి వేలికి అంటుకుంది. కాలుతున్న వాసన అప్పుడు తెలిసింది. మాస్టారు స్విచ్చి కట్టేశారు. ఆమెకు నిజంగానే భయం వేసింది.

"ఇంత కాలుతుంటే పెట్టె దగ్గర ఏమీ తెలియలేదేమండీ? ఫ్యూజు పాడైందా?"

"ఫ్యూజు నిక్షేపంలా ఉందమ్మా," అన్నారు మాస్టారు. "అక్కడి కబురు దానిదాకా మోసుకొచ్చేంత లావు తీగ నేనే వెయ్యలేదు."

వెనక వరస గది దాకా తనూ అలాంటి సన్న తీగే వేసిందని నీలవేణికి అప్పుడు తట్టింది.