దావూద్ వాటా నలుపు

ఫకీరు లతీఫ్‌కు తన ముక్కంటే మహా గర్వం. మనలాంటివాళ్ళకు దేవుడు ముక్కిచ్చింది జలుబు చెయ్యడానికీ, కళ్ళజోడు నిలవడానికీ. లతీఫ్ ముక్కు అలాంటిది కాదు. కళ్ళు మూసుకుని, కాలుతున్నది టైరో, చెత్తో, తడి కట్టెలో చెప్పేస్తుంది.

బజారు పిల్లలు దగ్గుతో మెలికలు తిరిగిపోతుంటే, గాల్లో కలుస్తున్న సన్నటి మసి ఎక్కడిదో కనిపెట్టమని పెద్దలు అతన్నే పిలిచారు. అతను రొట్టెల బట్టీ నడిపే దావూద్ మేడమీద తెల్లటి తడి మల్లుగుడ్డ కట్టాడు. వారం తిరక్కుండా అది నల్లబడింది.

"ఇంకేం కావాలి? దావూద్ బట్టీయే!" అన్నాడు లతీఫ్, మీసం దువ్వుకుంటూ.

రేపు నమాజు కాగానే బట్టీ పడగొట్టాలని పెద్దలు తీర్మానించారు. ఆ బట్టీ ఆరితే తన ఇంట్లో పొయ్యీ ఆరుతుందని దావూద్ మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

లతీఫ్ ఆ గుడ్డను శాలువాలా భుజాన వేసుకుని గురువు కరీముల్లా బాబా దగ్గరికి వెళ్ళాడు.

"చూడండి బాబా! మీ శిష్యుడు బజారును కాపాడాడు."

"సుభానల్లా!" అన్నాడు బాబా. గుడ్డను చాపమీద పరిచి, గూట్లోంచి కత్తెర తీసి అతని చేతికిచ్చాడు. "ఇందులో దావూద్ నలుపు ఎంతుందో అంతా కత్తిరించు బేటా. అదొక్కటే తీసుకెళ్దాం. పరాయివాళ్ళది అతని నెత్తిన వెయ్యకూడదు కదా."

"అదెంత పని!" లతీఫ్ గుడ్డను ముక్కుకు ఆనించుకున్నాడు.

కట్టెపొగ ఉంది, నిజమే. అందులోనే డీజిలు కలిసిపోయి ఉంది, ఆటోస్టాండుది. రోడ్డు దుమ్మూ ఉంది. బట్టీ కూల్చాలని అందరికంటే గట్టిగా అరిచిన హోటలు కాశింసాహెబు పెరట్లో తగలబెట్టించే ప్లాస్టిక్ సంచులూ ఉన్నాయి.

అడుగున ఇంకేదో తియ్యగా, భక్తిగా తగిలింది. సాంబ్రాణి. గురువారం గురువారం నెమలీకల విసనకర్రతో కొట్టుకొట్టుకూ పొగవేసి దీవించే ఫకీరెవరో లతీఫ్‌కు ఒకరు చెప్పాలా?

"కత్తెర తెగట్లేదా?" అడిగాడు బాబా.

"కత్తెర బాగానే ఉంది బాబా."

లతీఫ్ గుడ్డ మడిచి లేచాడు.

"ఎక్కడికి?"

"పెద్దల దగ్గరికి. బట్టీ మీద గునపం పడకముందే చెప్పాలి. మొదట నా సాంబ్రాణి వాటా చెప్తాను."

గడప దాటబోతుంటే బాబా పిలిచాడు.

"కత్తెర మరిచిపోయావు బేటా. వాళ్ళకూ కావాలి."