జొన్నవేళ్ల నీళ్లు

మహబూబ్ పీరాకు పెద్ద చిక్కే వచ్చిపడింది.

సూఫీ గురువు గఫూర్ షా శిష్యుల్లో దేవుడి పాట అతనంత కమ్మగా పాడేవాడు లేడు. అందుకే కొత్తవాళ్లకు పాట నేర్పే పని గురువు అతనికే అప్పగించాడు. కానీ మూడు నెలలైనా హుసేనప్ప నోట ఒక్క చరణం తిన్నగా రాలేదు. ముప్పై ఏళ్ల దూదేకుల మనిషి. పీరా ఎదుట కూర్చుంటే చాలు, గొంతు పూడుకుపోయేది.

చివరికి పీరా గురువు దగ్గరికి వెళ్లాడు.

"హజ్రత్, హుసేనప్పను ఇంటికి పంపించేయండి. అది మొలిచే విత్తనం కాదు."

గురువు కోత అయిన జొన్నచేలో నిలబడి ఉన్నాడు.

"చూద్దాం. ముందు నాలుగు జొన్నదుబ్బులు పీకు" అన్నాడు.

వాటి వేళ్లు దంచి కుండలో నానబెట్టించాడు. మర్నాడు ఒకే సంచిలోని నువ్వుల్ని మట్టి నింపిన రెండు మూకుళ్లలో చల్లాడు.

"దీనికి బావినీళ్లు పొయ్యి. దానికి ఆ వేళ్ల నీళ్లు."

ఆరోనాటికి మొదటి మూకుడు పచ్చగా నిండిపోయింది. రెండోదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి మొలక, అదీ ముడుచుకుపోయి.

పీరా ముడుచుకుపోయిన ఒక మొలకను వేలితో తాకి చూశాడు. హుసేనప్ప నోరు తెరిచీ తెరవకముందే తాను తప్పుపట్టడం, ఆ చరణం తానే గొంతెత్తి పాడేయడం గుర్తొచ్చాయి.

"అయితే జొన్న చెడ్డదా, హజ్రత్?"

గురువు నవ్వాడు. "పొద్దున నాలుగు జొన్నరొట్టెలు తిన్నావు కదా నాయనా."

ఆ మధ్యాహ్నమే పీరా హుసేనప్పను వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ వంట చూసుకునే జైబూన్‌బీ పిండి పిసుకుతోంది.

"ఆపా, ఈయనకు పాట నువ్వు చెప్పు."

"నాకు సగం చరణాలే వచ్చు కదయ్యా."

"సగం చాలు."

పది రోజుల తర్వాత వంటింట్లోంచి ఒక మగగొంతు వినిపించింది. మోటుగా ఉంది, కానీ ఆగడం లేదు. జైబూన్‌బీ చరణం మరిచిపోయి నవ్వితే ఆ గొంతే అందుకుని పాడేస్తోంది.

పీరాకు కళ్లు చెమర్చాయి. గబుక్కున లేచాడు.

"ఎక్కడికి?" అన్నాడు గురువు.

"శభాష్ అని చెప్పి, ఆ రెండో చరణం కాస్త సరిచేసి వద్దామని..."

గురువు చాపమీద పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఇక్కణ్ణుంచే విను."

పీరా కూర్చున్నాడు. పాట తప్పిన చోట కూడా తొడమీద తాళం వేస్తూనే ఉన్నాడు.