నిన్నటి మాట చెప్పిన రేడియో

పూడిమడకలో సెల్‌ఫోన్లు బాగుచేసే గవిరేసు మంచి పనివాడే గాని, తన పనిలో లోపముందంటే మాత్రం ఒప్పుకొనేవాడు కాడు.

ఆ ఊరి మత్స్యకారుల పాత ఫోన్లలో ఒక రేడియో యాప్ ఉండేది. నెట్ మీద వచ్చే ఆ రేడియోలో రోజూ తెల్లవారుతూనే సముద్రం ఎలా ఉంటుందో చెప్పేవారు. యాప్ తయారుచేసిన కంపెనీ దాన్ని మూసేసింది. స్టేషన్ మాత్రం నడుస్తూనే ఉంది. గవిరేసు నెల రోజులు కుస్తీ పట్టి, పాత యాప్ నేరుగా ఆ స్టేషన్‌ను అందుకొనేలా మార్చాడు. ఊరంతా మెచ్చుకుంది. పొగడ్త ఎవరికి చేదు? గవిరేసు కాలరెగరేసుకొని తిరిగాడు.

అయితే ఒడ్డున సిగ్నల్ అంతంతమాత్రం. మాట మధ్యలో తెగిపోయేది. "బాగానే బతికించావు గానీ, దీనికి ఊపిరాడతాలేదేట్రా" అని అక్క మొగుడు ఎల్లాజీ వేళాకోళం చేశాడు. గవిరేసుకు ఒళ్లు మండింది. నెట్ పోయినప్పుడల్లా, ఫోన్ అంతకుముందు దాచుకొన్న కార్యక్రమాన్నే మళ్లీ వినిపించేలా ఏర్పాటు చేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత రేడియో ఒక్కసారీ ఆగలేదు.

ఒకరోజు తెల్లవారేసరికి ఊళ్లో సిగ్నల్ లేదు. ఎనిమిదింటికి ఆటోలో మైకు పెట్టుకొని వచ్చి, వాయుగుండం పట్టిందని, ఎవరూ వేటకు వెళ్లవద్దని చాటారు. అక్క దానమ్మ దుకాణానికి పరుగెత్తుకొచ్చింది. ఎల్లాజీ అప్పటికే తోటివాళ్లిద్దరితో పడవేసుకొని వెళ్లిపోయాడట.

"నీ రేడియో ఇనే ఎల్లాడ్రా తమ్ముడూ" అంది.

గవిరేసు తన ఫోన్ నొక్కాడు. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. అయినా అందులో గొంతు హాయిగా చెబుతోంది, అలలు లేవు, వేటకు వెళ్లవచ్చని. తప్పు సిగ్నల్ మీదికి నెట్టేస్తే ఎవరికీ తెలియదు. కాని అక్క ముఖం చూశాక అబద్ధం నోట రాలేదు.

"అది నిన్నటి మాటక్కా. ఆగకుండా ఉండాలని నానే అలా సేసాను."

దానమ్మ గిరుక్కున తిరిగి ఒడ్డుకేసి పరుగెత్తింది, గవిరేసు వెనకాలే వెళ్లాడు. తిట్టి ఉంటే గవిరేసుకు అంత భయం వేసేది కాదు.

ఇద్దరూ ఒడ్డున నిలబడ్డారు. గాలికి ఇసుక ముఖాన కొడుతోంది. మధ్యాహ్నం దాటినా పడవ జాడ లేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లు ధైర్యం చెప్పడం కూడా మానేశారు. నాలుగింటికి ఇంజను ఆగిపోయిన పడవ ఒకటి అలల మీద కొట్టుకొచ్చింది. జనం నీళ్లలోకి దిగి లాగారు. వలలు పోయాయి గాని, ముగ్గురూ ప్రాణాలతో ఉన్నారు.

ఎల్లాజీ వణుకుతూ, మెడలో ప్లాస్టిక్ కవరులో వేలాడుతున్న ఫోన్ తీసి గవిరేసు చేతిలో పెట్టాడు.

"నెత్తి మీద అల లేత్తంటే, ఇది అలలు నేవనే సెబుతోందిరా."

ఫోన్ ఇంకా అదే చెబుతోంది. గవిరేసు దాన్ని ఆపి, బావ కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాడు.

సిగ్నల్ వచ్చాక ఇంటింటికీ తిరిగి తను చేసింది చెప్పి, అన్ని ఫోన్లలోనూ ఆ ఏర్పాటు తీసేశాడు. ఇప్పుడు నెట్ పోతే రేడియో మూగబోతుంది. అది మూగబోయిన పొద్దున పూడిమడకలో ఎవరూ పడవ కదపరు.

మాట పడాల్సి వస్తుందని దాచిన లోపం, మనల్ని నమ్మినవాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది. తెలియనప్పుడు తెలియదని చెప్పడమే మంచి పనివాడి లక్షణం.