గవరమ్మ తల ఊపిన బోర్డు

కోర్టు వీధిలో జనం కోసం పెట్టిన న్యాయ గ్రంథాలయంలో పరాంకుశం అనే గ్రంథపాలకుడు ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తేలిక మాటలు రాస్తే తన చదువు తేలికైపోతుందని ఆయన భయం.

గుమ్మం పక్కన నల్లబోర్డు మీద ఎడమవైపు ఆ రోజు విశేషం, కుడివైపు కోర్టు వార్త రోజూ ఆయనే రాసేవాడు. అక్షరాలు ముత్యాలే. అర్థం మాత్రం ప్లీడర్లకే ఎరుక.

న్యాయసేవల దినం వచ్చింది. పరాంకుశం రంగు సుద్దలతో 'చట్టం అందరికీ చుట్టం' అని రాసి, చుట్టూ లతలు గీస్తున్నాడు. కుడివైపు అప్పటికే రాసేశాడు: 'కూరల బజారు తరలింపు ఉత్తర్వు అమలుపై మధ్యంతర నిలుపుదల ఉత్తర్వు జారీ.'

ఆ బజారులో ఇరవై ఏళ్లుగా ఆకుకూరలమ్మే గవరమ్మ వచ్చి నిలబడింది. బజారును ఊరి బయటికి మారుస్తారని విన్నప్పటినుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

"బాబుగారూ, అది మా బజారు సంగతేనా? మమ్మల్ని ఉండమన్నారా, పొమ్మన్నారా?"

"తెలుగులోనే రాశానుగా! ఎవరిచేతనైనా చదివించుకో" అని పరాంకుశం పచ్చ సుద్ద కోసం లోపలికి వెళ్ళిపోయాడు.

గవరమ్మ దారినపోయే ఒకాయన్ని బతిమాలుకుంది. ఆయన కూడబలుక్కుని చదివాడు. "తరలింపు ఉత్తర్వు... ఏదో, ఏదో... జారీ! తరలించేస్తున్నారమ్మా" అని తేల్చేసి తన దారిన పోయాడు.

మధ్యాహ్నం పరాంకుశం తోటకూర కోసం బజారుకు వెళ్ళాడు. గవరమ్మ కళ్ళు తుడుచుకుంటూ తన పాక తాళ్లు కోస్తోంది. పక్కవాళ్ళు తాటాకులు బండికెక్కిస్తున్నారు.

"ఇదేమిటమ్మా?" అన్నాడు.

"మీరే రాశారు గదా బాబూ, జారీ అని! ఇయ్యాల ఏదో దినమని పక్కన బొమ్మలు కూడా ఏశారు. మా బజారుకి దినం పెట్టారని ఇప్పుడు తెలిసింది."

పరాంకుశానికి తల కొట్టేసినట్టయింది. "ఆపండర్రా! మిమ్మల్ని పంపించొద్దని కోర్టు చెప్పింది. మళ్ళీ కోర్టు చెప్పేదాకా ఇక్కడే అమ్ముకోవచ్చు!" అని అరిచాడు.

గవరమ్మ కొడవలి దించింది. "ఈ ముక్క పొద్దున్నే చెప్పుంటే నోటి ముత్యాలు రాలిపోయేవా బాబూ?" అంది.

బజారంతా నవ్వింది. పరాంకుశం నవ్వలేదు. చొక్కా చేతులు మడిచి, పాకలు మళ్ళీ కప్పేవాళ్ళకు సాయంత్రం దాకా తాటాకులు అందించాడు. ఆయన తాళ్లకు వేసిన ముడులన్నీ ఊడిపోతే గవరమ్మ మళ్ళీ వేసుకుంది.

మర్నాడు బోర్డు మీద లతలు లేవు. 'కూరల బజారు ఎక్కడికీ పోదు. కోర్టు మళ్ళీ చెప్పేదాకా అక్కడే అమ్ముకోవచ్చు' అని ఉంది. అది మొదలు, ఏ వార్త రాసినా పరాంకుశం ముందు గవరమ్మకు చదివి వినిపించేవాడు. ఆమె తల ఊపకపోతే మారుమాట లేకుండా తుడిచి, మళ్ళీ రాసేవాడు. అలా రాయడంలో ఆయనకు లతలు గీసినప్పటికన్నా ఎక్కువ సంతోషం దొరికింది.

నీతి: ఎంత మంచి మాటైనా, అక్కరున్నవాడికి అర్థం కాకపోతే అది చెప్పనట్టే.