పుల్లన్న దగ్గు

దస్తగిరికి ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, పక్కనే పుల్లన్న దగ్గు. నాపరాళ్ళ గనిలో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడైపోయిన ముసలాయన. నా అన్నవాళ్ళు ఎవరూ లేక దర్గాలోనే పడి ఉంటాడు.

"స్వామీ, ఆయన్ని ఇంకెక్కడికైనా పంపించండి. నావల్ల కావడం లేదు" అన్నాడు దస్తగిరి, పుల్లన్న వింటున్నాడని కూడా చూసుకోకుండా.

గురువు షాదుల్లా స్వామి లేచి పుల్లన్నకు మంచినీళ్ళ చెంబు అందించాడు.

దస్తగిరి డిగ్రీ చదివినవాడు. సాయంత్రాలు దర్గా అరుగు మీద పిల్లలకు ఇంగ్లీషు చెప్తాడు. ఆ రోజు పాఠం 'పుటప్ విత్'. ఇష్టం లేకపోయినా భరించడం అని అర్థం చెప్పాడు. ఉదాహరణ కావాలి గదా! ఎదురుగా పుల్లన్న దగ్గుతూ కనిపించాడు. ఇంకేం, బోర్డు మీద ఇంగ్లీషులో రాసేశాడు: 'వి పుటప్ విత్ పుల్లన్న.' పిల్లలు గొంతెత్తి చదివారు.

పుల్లన్న ముఖం వెలిగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన పేరు బోర్డెక్కింది లేదు మరి.

"ఏమ్మా, నా గురించి ఏం రాసినాడు మా దస్తగిరి?" అని ఒక పిల్లను అడిగాడు.

పాపం, ఆ పసిదానికేం తెలుసు! "పుల్లన్న తాతను మనమంతా భరిస్తాండాం అని" అంటూ ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంతేలేమ్మా. నిజమే గదా" అన్నాడు ముసలాయన.

మర్నాడు దగ్గు వినిపించలేదు. దస్తగిరి సంబరపడిపోయాడు. "స్వామీ, ఈరోజు ధ్యానం భలేగా కుదిరింది!"

"అట్లనా? రా నాయనా" అని గురువు అతన్ని వంటింటి వెనక కట్టెల కొట్టం దగ్గరికి తీసుకెళ్ళాడు.

పుల్లన్న గోడవైపు తిరిగి, తువ్వాలు నోట్లో కుక్కుకొని కూచున్నాడు. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

గురువు పక్కన కూచొని ఆ తువ్వాలు మెల్లగా లాగేశాడు. ఆపుకున్న దగ్గంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అది తగ్గాక పుల్లన్న దస్తగిరికి చేతులు జోడించాడు.

"తప్పయిపోయింది నాయనా. ఇంక ఇనపడనీయను. ఈడ్నుంచి మాత్రం పంపొద్దు."



గురువు లేచి దస్తగిరిని వెంటబెట్టుకొని అరుగు దగ్గరికి నడిచాడు. బోర్డు మీది అక్షరాలను తన పైగుడ్డతో తుడిచేసి, సుద్దముక్క శిష్యుడి చేతికిచ్చాడు.

"మళ్ళీ రాయి నాయనా. ఎవరు ఎవర్ని భరిస్తున్నారో చూసి రాయి."

దస్తగిరి చెయ్యి పైకి లేవలేదు. కొట్టంలో మళ్ళీ దగ్గు మొదలై, నోట్లో తువ్వాలు కుక్కుకున్నట్టు అంతలోనే ఆగిపోయింది.