బజ్జీలు మోసిన నక్క

కొండ దిగే ఘాట్ రోడ్డు మలుపులో ఒక టిఫిన్ బండి. బండి వెనకాల తంగేడు పొదలు, పొదల కింద ఉలవచేను. ఆ పొదల్లో దూదిగాడనే కుందేలు కుర్రాడు ఉండేవాడు. అమ్మ మాట చేదుగాను, పరాయివాడి మాట తీపిగాను తోచే ఈడు వాడిది.

తెల్లారగానే వాళ్ళమ్మ లేపేది. "లేవరా, మొలకలు లేతగా ఉన్నాయి. నాలుగు గంతులేసి తినొద్దువుగాని."

"రోజూ ఆకులేనా!" అని అటు తిరిగి పడుకునేవాడు.

"తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు" అని గొణుక్కుంటూ ఆవిడ చేలోకి పోయేది.

ఆవిడ అటు పోగానే జంబన్న ఇటు వచ్చేవాడు. మాంసం మానేశానని అడవంతా చాటుకుంటున్న నక్క అతను. నోట కాగితం పొట్లం. పొట్లంలో బండి దగ్గర పారేసిన మిరపకాయ బజ్జీలు, మిక్చరు, అదృష్టం బాగుంటే సగం కొరికిన మైసూరుపాకు.

"తిను అల్లుడూ. ఈ వయసులో తినకపోతే ఇంకెప్పుడు తింటావు?"

"మరి నువ్వో మామా?"

"నాదేముంది! నువ్వు తింటే నా కడుపు నిండినట్టే. తిని హాయిగా పడుకో. పరుగులూ గంతులూ ఊరూపేరూ లేనివాళ్ళకి."

అతివినయం ధూర్త లక్షణమని దూదిగాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు, నోరు ఖాళీగా ఉంటేగా! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. వీడి విషయంలో మాత్రం కొండ పెరుగుతూ వచ్చింది.

ఒకరోజు జంబన్న ఎంతకీ రాలేదు. నాలుక ఊరుకోక దూదిగాడే బండి దగ్గరికి బయల్దేరాడు. అక్కడ కర్రెన్న అనే ముసలి కుక్క కునుకు తీస్తోంది. అలికిడికి లేచి భౌమంది. దూదిగాడు పరుగందుకున్నాడు. పట్టుమని పది గంతులు వేశాడో లేదో, ఊపిరి గొంతులో అడ్డంపడింది. కళ్ళు తిరిగి బోర్లా పడ్డాడు. కర్రెన్న కుంటుకుంటూ వచ్చి వాడి మీద కాలు వేసింది.

"ఏరా, కుందేలువేనా? కుంటివాణ్ణి, నాకే దొరికిపోయావు. పట్టుకున్నందుకు నాకు సిగ్గుగా ఉందిరా."

"నన్ను తినకు తాతా!"

"బండాయన పెట్టే ఇడ్లీలు ఉండగా నువ్వెందుకు? అయినా నిన్ను తినేవాడు వేరే ఉన్నాడు. నిన్న ఆ జంబన్న తన బామ్మర్దితో అంటుంటే విన్నాను. 'పున్నమికి విందుకి రారా. పరిగెత్తి పట్టే ఓపిక నాకెలాగూ లేదు, అందుకే కూర్చోబెట్టి మేపుతున్నాను' అని."

దూదిగాడి చెవులు రెండూ వాలిపోయాయి. మామ ప్రేమ గుర్తొచ్చింది, అందులోని మెతుకుమెతుకూ గుర్తొచ్చింది. కాసేపు ఏడ్చాడు. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపంలోంచే కొంటె ఆలోచనొకటి పుట్టింది.

"తాతా, రేపట్నించి పొద్దున్నే నన్ను తరుముతావా?"

"ఈ కాలితోనా?" అంది కర్రెన్న. అంటూనే తోక ఊపింది.

మర్నాడు జంబన్న పొట్లంతో వచ్చేసరికి దూదిగాడు ఎండుగడ్డి కుప్పలో దూరి కూర్చున్నాడు. చెవులు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"ఇదేంట్రా అల్లుడూ?"

"చలి మామా! అన్నట్టు ఒంటరిగా తింటే సయించడంలేదు. నువ్వొకటి తింటేనే నేనొకటి తింటాను. లేదంటే మిక్చరు కూడా ముట్టను."

పున్నమి విందు పాడవుతుందని జంబన్న ఒక బజ్జీ నోట్లో వేసుకున్నాడు. కారం నషాళానికెక్కింది. ఇంకొకటి వేసుకున్నాడు. రుచి మరిగిన నాలుక నక్కదైతేనేం, కుందేలుదైతేనేం! నాలుగు రోజులు తిరిగేసరికి పొట్లంలో మూడొంతులు మామే లాగించేస్తున్నాడు. దూదిగాడు తన వంతు గడ్డి కిందికి తోసేస్తే చీమలు పండగ చేసుకున్నాయి. మొదటి రోజు ఆ వాసనకి ఆగలేక ఒకటి తిన్నాడు కూడా, అబద్ధమెందుకు?

పొద్దుటి పరుగు మాత్రం నరకమే అనిపించింది. కాళ్ళు పీకేవి, డొక్కలో పొడిచేది. "ఆగు తాతా" అని వాడూ, "నువ్వే ఆగకురా" అని కర్రెన్నా ఒకటే రొద. అలా పడుతూ లేస్తూ ఉండగా ఒక పొద్దున వాడు చేనుగట్టు మీంచి గాల్లోకి ఎగిరాడు. చెవుల్లో గాలి జోరుమంది. వాడికి నవ్వాగలేదు. ఆ పూట ఉలవ మొలకలు వాళ్ళమ్మతో పోటీపడి తిన్నాడు.

"ఆకులేనా అనవేం?" అంది వాళ్ళమ్మ.

"మాట్లాడించకమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.

పున్నమినాటి సాయంత్రం జంబన్న బామ్మర్దిని వెంటబెట్టుకొచ్చాడు. గడ్డికుప్ప గుండ్రంగా, నిండుగా కనిపించింది. వాపు చూసి బలుపనుకున్నాడు.

"చూశావా, ఎలా పెంచానో!" అని ఒక్క దూకు దూకాడు. నోటినిండా గడ్డి వచ్చింది. అవతలి పక్కనుంచి సన్నటి కుందేలొకటి బాణంలా దూసుకుపోయింది.

"దూదిగాడేడి?" అని అరిచాడు జంబన్న.

"నేనే మామా! రా, కొండెక్కుదాం!"

జంబన్న వెంటపడ్డాడు. పొట్ట అటూ ఇటూ ఊగుతోంది, గుండె దడదడలాడుతోంది. ప్రతి మలుపులోనూ దూదిగాడు ఆగి, మూతి తుడుచుకుని, "ఇంకో మలుపే మామా!" అంటున్నాడు. మూడో మలుపుకి జంబన్న నాలుక వేలాడేసి రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు. వెనకనుంచి కర్రెన్న వచ్చి, ఆయాసమన్నది లేకుండా, అతని పొట్ట మీద కాలేసి నిలబడింది.

"బామ్మర్దీ, కాపాడు!" అన్నాడు జంబన్న.

వెనకే వచ్చిన బామ్మర్ది దూరంనుంచే అతన్ని ఎగాదిగా చూశాడు. "మేపావన్నావు, నిజమే బావా. కాకపోతే ఎవర్నో చెప్పడం మరిచిపోయావు" అని తోక దులుపుకుని చక్కా పోయాడు.

నాలుక మాటొక్కటే వినేవాడు, కాళ్ళతో పనిపడిన రోజున దొరికిపోతాడు.